బయల్దేరే ఓడని వెనక్కి పిలవలేదు

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మా ఆయన మాట, మా అమ్మాయి మాట, ఇరవై ఏళ్ళు నాతో పనిచేసిన డెవలపర్లందరి మాట. నేను చేసింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ నాకు తిండి పెట్టింది ఈ నోరే. ఎవరి కోడ్‌లో తప్పు కనపడినా మీటింగ్‌లో అందరి ముందూ చెప్పేసేదాన్ని. రిలీజ్ రేపు పొద్దున్నేనండీ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి అని బతిమాలినా వినేదాన్ని కాదు. అలాంటి దాన్ని, నిజంగా నోరు తెరవాల్సిన రోజున పద్దెనిమిది నిమిషాలు మూసుకుని కూర్చున్నాను. నిమిషాలతో సహా ఎందుకు చెప్తున్నానంటే, అవి లాగ్ బుక్‌లో నా చేతిరాతతోనే ఉన్నాయి.

యాభై రెండేళ్ళప్పుడు నన్ను లేఆఫ్ చేశారు. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ పద్దెనిమిదో అంతస్తులో. పొద్దున్నే మా ఆయన ట్రైన్ పట్టుకుని మాన్‌హటన్ వెళ్ళిపోయేవారు. నేను కిటికీ దగ్గర నిలబడి పక్క టవర్‌లో ఎవరి బాల్కనీలో ఏం ఆరేశారో లెక్క చూసుకునేదాన్ని. పిచ్చెక్కుతోందని కారేసుకుని తిరగడం మొదలుపెట్టాను. అలా ఒకరోజు ఒక పాత గోడౌన్ వెనక, బురద కాలవలో కట్టేసి ఉన్న ఓడ కనపడింది. పక్కనే బోర్డు: శనివారాలు వాలంటీర్లు కావాలి, అనుభవం అక్కర్లేదు. అనుభవం అక్కర్లేని పని నా వయసులో ఇంకెక్కడ దొరుకుతుంది, వెళ్ళి చేరిపోయాను.

అది ఆవిరి ఓడ. ఒకప్పుడు ఈ తీరమంతా జనాన్ని తిప్పింది. దగ్గర దగ్గర నూరేళ్ళ వయసు. ఇనప రేకుల్ని రివెట్లతో కలిపి కుట్టిన ఒళ్ళు. బాయిలర్లు చల్లారి ఎన్నేళ్ళో అయింది, పదకొండేళ్ళుగా ఆ కాలవలోంచి కదల్లేదు. నా పని తుప్పు గోకడం. గిన్నెలు తోమడానికి ఇంట్లో డిష్‌వాషర్ పెట్టుకుని, ఇక్కడికొచ్చి ఊళ్ళోవాళ్ళ ఓడ తోముతోంది అని మా ఆయన ఫ్రెండ్స్ అందరికీ చెప్పి నవ్వించేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా శనివారాలు నాకు తిరిగొచ్చాయి.

అక్కడ అందరికీ పైన చీఫ్. ఎనభై రెండేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు అదే ఓడలో ఇంజన్‌కి నూనె పోసే పనితో మొదలుపెట్టి చీఫ్ ఇంజనీర్ అయ్యారు. ఓడ ఆగిపోయినా ఆయన ఆగలేదు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, అయినా రోజూ ఆ నిచ్చెనలు దిగి ఎక్కేవారు. మాట తక్కువ. మొదటి నెలలో నేను తుప్పు గోకుతూ ఏదో కూనిరాగానికి ఈల కలిపితే గయ్యిమన్నారు. ఓడలో ఈల వేస్తే గాలివాన వస్తుందట. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని మా అమ్మ కొట్టేది. ఎనిమిది వేల మైళ్ళు వచ్చినా నా ఈలకి మోక్షం లేదన్నమాట అని నవ్వుకున్నాను. ఆ రోజు నుంచీ ఆయనంటే నాకు ఇష్టం.

చీఫ్‌కి నేను పనికొచ్చింది ముగ్గు వల్ల. ఓడ అడుగున నాలుగు గదులు, మధ్యలో ఇనప గోడలు. అడుగు రేకు చాలాచోట్ల పల్చబడిపోయింది. ఎక్కడినుంచి చెమ్మ ఊరుతోందో టార్చ్ వేసి వెతికినా తెలిసేది కాదు, ఆ తుప్పు రంగులో తడీ పొడీ ఒకేలా కనపడతాయి. ఇండియన్ స్టోర్ నుంచి ముగ్గు పిండి తెచ్చి, రివెట్ల వరస పక్కన చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పొడిగా ఉంటే చుక్క తెల్లగా ఉంటుంది, కాస్త తడి తగిలినా నల్లబడుతుంది. చీఫ్ మొదట వింతగా చూసి నవ్వారు. మర్నాడు మూడు చుక్కలు నల్లబడి, మూడు చిల్లులు దొరికాక నవ్వలేదు. నాలుగు గదుల్లోనూ పెట్టించారు. అడుగున ఓడకి మనిషికున్నట్టే పక్కటెముకలుంటాయి. వాటికి ఎర్ర పెయింట్‌తో నెంబర్లు. ఏ ఎముక పక్కన ఏ చుక్క ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని.

ఇంతలో గోడౌన్ స్థలం ఎవరో కొనుక్కున్నారు. వసంతం అయ్యేలోపు ఓడ ఖాళీ చెయ్యాలి, లేదంటే తుక్కు కింద కోసే యార్డుకి. అదృష్టం బాగుండి హడ్సన్ ఒడ్డున కొత్తగా కట్టిన పబ్లిక్ పియర్‌లో, అంటే ఓడలు కట్టేసే చెక్క రేవులో, చోటిస్తామన్నారు. కానీ ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ ఓడ అడుగంతా సుత్తితో తట్టి చూసి, ఒకే ఒక్క ప్రయాణానికి ఒప్పుకున్నాడు. పగటిపూట, గాలి లేని రోజున, రెండు టగ్ బోట్లు ముందొకటి వెనకొకటి పట్టుకుని లాక్కెళ్ళాలి. నాలుగు గదుల్లోనూ మోకాలి ఎత్తున తెల్ల గీత గీయించాడు. ఏ గదిలోనైనా నీళ్ళు ఆ గీత దాటితే టగ్ కెప్టెన్ పియర్ మాట మర్చిపోయి, ఓడని దగ్గర్లో ఉన్న బురదమేట మీదకి ఎక్కించెయ్యాలి. ఒకసారి బురదెక్కిన పల్చటి రేకు మళ్ళీ తేలదు. అక్కడే ముక్కలు కోసి పట్టుకుపోతారు. అంటే గీతకి ఇవతల పియర్, అవతల తుక్కు.

గదికొక మనిషి కాపలా. వెనక గది నాకిచ్చారు. పది నిమిషాలకోసారి చీఫ్ వాకీటాకీలో అడుగుతారు, మేం ఓకే అనో కాదనో చెప్పి లాగ్ బుక్‌లో రాయాలి. ముందు రోజు మా నలుగురినీ కూర్చోబెట్టి ఆయన చెప్పింది ఒకటే: ఏది కనపడినా వెంటనే అరవండి, మర్యాదకి పోకండి. నాకా చెప్తున్నారు అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. రాజమండ్రిలో మా నాన్న బ్యాంకుకి బయల్దేరేటప్పుడల్లా మా అమ్మ నన్ను ఎదురు రమ్మనేది. నేను ముందుగా వీధిలోకి పోయి, వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచి రావాలి. ఆడపిల్ల ఎదురొస్తుండగా ఆయన గడప దాటాలి. అది మంచి శకునం. చెడ్డది ఏమిటంటే, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవడం. నా తొమ్మిదో ఏట ఒకరోజు, నాన్న గేటు దాటాక, జామెట్రీ బాక్స్ తెమ్మని చెప్పడం మర్చిపోయానని నాన్నా అని గట్టిగా పిలిచాను. ఆయన ఆగి, విని, సరేనని వెళ్ళారు. ఆ రోజే దారిలో స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. నీవల్లేనని ఎవరూ అనలేదు. అమ్మ మాత్రం ఆస్పత్రి వరండాలో నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు చాలింది నాకు, ఇప్పటికీ.

జెర్సీ సిటీకొచ్చినా అది వదల్లేదు. మా ఆయన ఆఫీసు బ్యాడ్జ్ మర్చిపోయి లిఫ్ట్ ఎక్కేస్తే వెనక నుంచి పిలవను. పక్క లిఫ్ట్‌లో పరుగున కిందికి దిగి, లాబీలో చుట్టూ తిరిగి ఆయనకి ఎదురుగా వెళ్ళి ఇస్తాను. ఫోన్ చెయ్యొచ్చుగా అని మా అమ్మాయి కళ్ళు తిప్పుతుంది. ఫోన్‌లో పిలిచినా వెనక నుంచి పిలిచినట్టే కదా అంటాను. డెస్క్ మీద టెస్ట్ కేసులు రాసుకునే బుర్ర వేరు, గుమ్మం దగ్గర పనిచేసే బుర్ర వేరు.

బయల్దేరేరోజు పొద్దున్న మంచి పోటు మీద తాళ్ళు విప్పారు. పోటు ఉన్నప్పుడే ఆ కాలవలో ఓడకి చాలినంత లోతు. ఆటు మొదలైతే ఇక వెనక్కి రావడానికి లేదు. కింద నా గదిలో లైఫ్ జాకెట్ వేసుకుని, రెండు లైట్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒక మూల పంపు. గోడకి తగిలించిన బకెట్‌లో రకరకాల సైజుల చెక్క బిరడాలు, గుడ్డపీలికలు, సుత్తి. చీఫ్ ఆఖరిసారి అన్ని గదులూ చూసుకుంటూ నా దగ్గరికి వచ్చారు. చుక్కలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. తల ఊపి, నా వైపు వీపు పెట్టి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టారు. అప్పుడే పైన ముందు టగ్ లాగింది. పదకొండేళ్ళ తర్వాత ఓడ కదిలింది. నా కాళ్ళ కింద రేకు ఒక్కసారి మూలిగింది. ఆయన నిచ్చెన మీద ఆగి, పైకి చూసి, తనలో తానే అన్నట్టు, "ఇదిగో, బయల్దేరింది," అన్నారు.

ఆ మాట నా చెవిన పడుతుండగానే నలభై ఒకటో ఎముక పక్కన ఒక చుక్క నల్లబడింది. నా కళ్ళ ముందే. రెండు క్షణాల తర్వాత, అవతల నలభై నాలుగో ఎముక దగ్గర, కింది అతుకు మీద ఇంకొకటి. వాచీ చూసుకున్నాను, ఏడూ పన్నెండు. నోరు తెరిచాను. చీఫ్ ఇంకా నిచ్చెన మీదే ఉన్నారు, నాకు కనపడేది ఆయన వీపు, అరిగిన బూటు మడమలు. గొంతులో మాట తయారుగా ఉంది. అది బయటికి రాలేదు. మనిషి బయల్దేరాడు, ఓడ బయల్దేరింది, వెనక నుంచి పిలవబోతున్నావే అని లోపల ఎవరో చెయ్యి పట్టుకున్నట్టయింది. ఆయన బూట్లు పై అంతస్తులోకి మాయమయ్యాయి.

చెమ్మే కదా, ఊరినంత మాత్రాన మునుగుతుందా అని సర్దిచెప్పుకున్నాను. పది నిమిషాలకి ఎలాగూ ఆయనే అడుగుతారు, అడిగినప్పుడు చెప్తే పిలిచినట్టు కాదు, జవాబు చెప్పినట్టవుతుంది. చూడండి, తెలివి ఎలా పనిచేస్తుందో.

ఏడూ ఇరవైకి వాకీటాకీ గరగరమంది. వెనక గది ఎలా ఉందని అడిగారు. అప్పటికి నల్ల చుక్కలు రెండే, కాకపోతే రెండిటి చుట్టూ తడి అరచేయంత పాకింది. ఇప్పుడు చెప్తే ఎప్పుడు చూశావంటారు, ఎనిమిది నిమిషాలు ఏం చేశావంటారు. ఓకే అన్నాను. లాగ్ బుక్‌లో ఓకే అని రాశాను. ఇరవై ఏళ్ళు నేను తిట్టిన డెవలపర్లందరూ సరిగ్గా ఇలాగే చేశారు. మొదటిసారి చెప్పకపోవడం భయం, రెండోసారి చెప్పకపోవడం అబద్ధం అని వాళ్ళకి క్లాసు పీకినదాన్ని నేనే.

ఏడున్నరకి ఓడ కాలవ దాటి పెద్ద నీళ్ళలోకి తిరిగింది. తిరిగేటప్పుడు రేకంతా వణికింది. టప్పుమని ఒక చిన్న చప్పుడు, అంతే. నలభై ఒకటో ఎముక దగ్గర రివెట్ తల ఊడి నా బూటుకి తగిలింది. ఆ చిల్లులోంచి వేలు లావు నీటిధార నా నడుము ఎత్తుకి లేచింది. నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఎక్కడికి పోయిందో, నీళ్ళొస్తున్నాయి, నీళ్ళొస్తున్నాయి అని వాకీటాకీలో తెలుగులో అరిచాను. ఆ గొంతు వింటే ఏ భాషవాడికైనా అర్థమవుతుంది.

బకెట్‌లోంచి ఒక బిరడా తీసి చిల్లులో పెట్టి రెండు చేతులా నొక్కిపట్టాను. పక్కల నుంచి నీళ్ళు మొహం మీద కొడుతున్నాయి. మార్చి నెల నీళ్ళు, ఎముకలు కొరికే చలి. చీఫ్ ఆ మోకాళ్ళతో నిచ్చెన ఎంత త్వరగా దిగారో నాకు తెలీదు. పంపు స్టార్ట్ చేశారు, అది దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగారు, మళ్ళీ ఆగింది. దాన్ని వదిలేసి నా పక్కన నీళ్ళలో మోకరిల్లి, వేరే బిరడాకి గుడ్డ చుట్టి, నన్ను చెయ్యి తియ్యమన్నారు. సుత్తితో గట్టిగా కొడితే రేకే చిరిగిపోతుంది. మేకుకి పటం తగిలించినంత మెల్లగా తట్టారు. ఒక్కో దెబ్బకీ ఆగి, రేకు మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ ఇంకొకటి.

ఈలోగా నీళ్ళు పిక్కలు దాటాయి. ముగ్గు చుక్కలన్నీ మునిగిపోయాయి. టగ్ కెప్టెన్ రేడియోలో గీతకి ఎంత తక్కువ ఉందని అడుగుతున్నాడు. చీఫ్ గోడ మీద చెయ్యి ఆనించి చూసి నాలుగు వేళ్ళు అన్నారు. కాసేపటికి మూడు. కెప్టెన్ మర్యాదగానే చెప్పాడు, బురదమేట ఎడమ పక్కనే ఉంది, ఇంకో ఐదు నిమిషాల్లో దాన్ని దాటేస్తాను, తిప్పాలంటే ఇప్పుడే చెప్పండి అని. చీఫ్ రేడియో పక్కన పెట్టేశారు. నా వైపు తిరిగి పంపు లాగమన్నారు. ఆ తాడు పట్టుకుని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టి లాగాను. దేవుళ్ళకి వినపడిందో, లేక దాని తిక్క తీరిందో, పంపు అందుకుంది. అప్పటికి నీళ్ళు గీతకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి.

రెండు వేళ్ళు అని చీఫ్ రేడియోలో చెప్పారు. ఆ తర్వాత ఇంకా రెండు వేళ్ళే అన్నారు. చాలాసేపటికి, మూడు అన్నారు. బురదమేట వెనకపడిపోయింది. నేను పక్కటెముక మీద కూలబడి ఏడ్చాను. చలికి వణుకుతోందనుకుని ఆయన తన కోటు నా మీద వేసి పైకి వెళ్ళారు.

తర్వాత మూడు గంటల ప్రయాణంలో నీళ్ళు చీలమండ దాకా తగ్గి అక్కడ ఆగిపోయాయి. పంపు నడుస్తూనే ఉంది, నీళ్ళు ఇంకా తగ్గడం లేదు. అందరూ అది మిగిలిన నీళ్ళే అనుకున్నారు, పంపు గొట్టానికి అడుగుదాకా అందదు కదా అనుకున్నారు. నాకు తెలుసు కాదని. నలభై నాలుగో ఎముక దగ్గర రెండో చుక్క నల్లబడటం చూసింది నేనొక్కదాన్నే. ఇప్పుడది నీళ్ళ కింద ఉంది, ఎవరికీ కనపడదు. అక్కడ చిల్లుందని చెప్పానంటే, నీళ్ళు రాకముందే చూశానని చెప్పినట్టే. అంటే ఏడూ ఇరవైకి చెప్పిన ఓకే అబద్ధమని ఒప్పుకున్నట్టే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కుండానే నేను లాగ్ బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పంపు నడుస్తోందిగా, పియర్ చేరాక మెల్లగా ఏదో ఒకటి చెప్పొచ్చు అనుకున్నాను.

పదకొండింటికి పియర్ చేరాం. పైకొచ్చి చూస్తే కళ్ళు చెదిరాయి. కొత్త చెక్క వాసన, జెండాలు, స్కూల్ పిల్లల బ్యాండు, రెయిలింగ్ పొడుగునా జనం. మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి ముందు వరసలో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు. తాళ్ళు కట్టారు, ఓడ దిగడానికి గ్యాంగ్‌వే పలక దించారు. ఊరి పెద్ద ఒకాయన స్పీచ్ ఇవ్వాలి, మైకులో మా పంపు గోల వినపడుతోందని ఎవరో వచ్చి ఒక్క అరగంట ఆపమన్నారు. కట్టేసిన ఓడేగా, ఇంకేం భయం అని ఆపేశారు. స్పీచ్ అయ్యాక అందరికీ పక్క పార్కులో లంచ్. కింద గదుల్లో కాపలా ఎవరూ ఉండక్కర్లేదన్నారు.

ఓడ మీంచి పియర్ మీద మొదటి అడుగు చీఫ్‌ది అని ముందే అనుకున్నారు. పదకొండేళ్ళు ఆ అడుగు కోసమే బతికాడా మనిషి. చేతులు కడుక్కుని, కొత్త టోపీ పెట్టుకుని, గ్యాంగ్‌వే మీదకి అడుగుపెట్టారు. జనం చప్పట్లు. నేను ఆయన వెనక, డెక్ మీద, చంకలో లాగ్ బుక్‌తో. పంపు ఆగి అప్పటికి పావుగంట అయింది. నా కాళ్ళ కింద, మూడంతస్తుల కింద, నలభై నాలుగో ఎముక దగ్గర ఏం జరుగుతోందో నాకు కనపడుతూనే ఉంది. అరగంట తర్వాత పంపు మళ్ళీ పెట్టాలని ఎవరికి గుర్తుంటుంది? లంచ్ చేసి వచ్చేసరికి ఓడ ఈ కొత్త పియర్ పక్కనే అడుగుకి దిగిపోయి ఉంటుంది.

మళ్ళీ ఆయన వీపు. మళ్ళీ అవే మడమలు. ఒకటి, రెండు, మూడు అని ఆయన అడుగులు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఎనిమిది, తొమ్మిది. పియర్ చెక్కకి ఇంకొక్క అడుగుంది. అమ్మ చూపు గుర్తొచ్చింది. ఏం చూస్తావే అమ్మా, చూసుకో అనుకున్నాను.

"చీఫ్! ఆగండి!"

బ్యాండు కూడా ఆగిపోయింది. మా ఆయన వీడియోలో ఆ కేక తర్వాత వినపడేది ఒక్క సీగల్ పక్షి అరుపు. చీఫ్ కాలు గాల్లోనే ఉంది. దాన్ని మెల్లగా గ్యాంగ్‌వే మీదకే వెనక్కి తీసుకుని, తిరిగి చూశారు.

"ఇంకో చిల్లుంది. నలభై నాలుగు దగ్గర," అన్నాను.

"ఎప్పుడు చూశావు?"

"ఏడూ పన్నెండుకి. రెండూ చూశాను. మీకు చెప్పలేదు."

ఆయన ఒకసారి పియర్ వైపు చూశారు. ఒక్క అడుగు దూరం. తర్వాత టోపీ తీసి రెయిలింగ్‌కి తగిలించి, ఆ తొమ్మిది అడుగులూ వెనక్కి ఎక్కి, నన్ను దాటుకుని కిందికి వెళ్ళారు.

కింద నీళ్ళు మళ్ళీ పిక్కల దాకా వచ్చేశాయి. ఆయన భుజం దాకా చెయ్యి ముంచి, కళ్ళు మూసుకుని తడిమారు. రివెట్ కాదు, రెండు రేకుల మధ్య అతుకే జానెడు పొడుగున విచ్చుకుంది. పంపు లాగాను, ఈసారి ఒక్క లాగుకే అందుకుంది. పైన స్పీచ్ దాని చప్పుడులో కలిసిపోయింది. నీళ్ళలో మునిగి పనిచేసే డైవర్లకి ఫోన్ చెయ్యమని ఆయన పైకి అరిచారు. నేను ఆ గోలలోనే మొత్తం చెప్పేశాను, నాన్న గేటు దగ్గర, జామెట్రీ బాక్స్, స్కూటర్, అమ్మ, అన్నీ. విన్నారో లేదో తెలీదు. చివరికి చెయ్యి నీళ్ళలోంచి తియ్యకుండానే అన్నారు.

"ఈ గది నీకెందుకిచ్చానో తెలుసా? మిగతావాళ్ళు నీకన్నా బలమైనవాళ్ళు, ఈదగలరు. నీకు నోరుంది. నాకు కావలసింది అదొక్కటే."

చెంపదెబ్బ కొట్టినా ఇంత నొప్పెట్టేది కాదు.

లాగ్ బుక్ తెరిపించి, ఏడూ పన్నెండు దగ్గర చూసింది చూసినట్టు, ఏడూ ఇరవై దగ్గర ఓకే అన్నది అబద్ధమని, నా చేతే రాయించి సంతకం పెట్టించారు. ఆ పేజీ చూసి, ఓడ బాగోగులు చూసే కమిటీ నన్ను ఆ ఏడాదంతా కింది అంతస్తులకి దిగనివ్వలేదు. చీఫ్ నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, నేనైతే ఆ డెవలపర్‌ని పనిలోంచే తీయించేదాన్ని.

పియర్ మీద మొదటి అడుగు స్పీచ్ ఇచ్చిన పెద్దమనిషే వేశాడు. ఎలాగూ ఫోటోగ్రాఫర్లు వచ్చేశారు కదా అని, ఓడ మీదకి పైకెక్కి, చెయ్యి ఊపి, దిగాడు. మధ్యాహ్నం డైవర్లు వచ్చి బయటినుంచి రబ్బరు వేసి, దాని మీద రేకు బిగించారు. ఐదు గంటలకి పంపు ఆపి, నేనూ చీఫ్ ఒకే టార్చ్ కింద నీళ్ళ మట్టం చూస్తూ కూర్చున్నాం. గంట అయినా అంగుళం కదల్లేదు.

పైకొచ్చేసరికి పియర్ ఖాళీ. జెండాలు విప్పేశారు, కుర్చీలు మడిచేశారు. మా ఆయన ఒక్కరే బెంచీ మీద కూర్చుని, నాకోసం తెచ్చిన పులిహోర తానే తినేస్తున్నారు. చీఫ్ రెయిలింగ్ మీద టోపీ తీసి దులుపుకుని పెట్టుకున్నారు. గ్యాంగ్‌వే మొదట్లో ఆగి, రెండు మోకాళ్ళూ ఒకసారి రుద్దుకున్నారు. చప్పట్లు లేవు, బ్యాండు లేదు. అదంతా నేను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నాను, తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఒక్కటి ఉంది. ఆయన్ని దాటుకుని గబగబా గ్యాంగ్‌వే దిగి, పియర్ మీద నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాను. ఓడ వైపు, ఆయనకి ఎదురుగా నడవడం మొదలుపెట్టాను. తడి బూట్లు, చెంపల మీద తుప్పు, ఆయన కోటే నా ఒంటి మీద. మా అమ్మ చూస్తే ఇదేం ఎదురే అనేది.

"దారికి అడ్డంగా ఏం చేస్తున్నావు?" అన్నారు చీఫ్.

"ఏం లేదు," అన్నాను. "మీరు రండి."